పత్తర్‌గట్టి నలభై ఒక్క తిరస్కారాలు

పత్తర్‌గట్టి, హైదరాబాద్.
మంగళవారం, దుకాణం తెరిచిన వేళ.

శ్రీయుత రిజిస్ట్రార్ గారి సముఖమునకు,
భాషా సంస్కృతుల పరస్పర సంభాషణ పరిశోధనా పీఠం.

అర్జీదారు: తాటిపల్లి పురుషోత్తం, వయస్సు 66 సంవత్సరాలు, గోటా, కిరన్, జరీ అంచుల వ్యాపారి.

విషయం: తమ పీఠం వారు నా దుకాణంలో ఆరు నెలలు కూర్చుని నన్ను తప్పుగా వ్రాసుకొని పోయిన సంగతి, మరియు వారు పనికిరాదని తీసి పారవేసిన చప్పుడును నాకు ఇప్పించవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, తమ పీఠం వారి పుస్తకం రెండు వందల ముప్పై పేజీలు. నేను పదో తరగతి చదివినవాడిని కనుక మా చిన్నకోడలు కీర్తిప్రియ చేత చదివించుకున్నాను. ఆమె ఇంగ్లీషులో ఎమ్మే చేసింది. ఇరవై పేజీలు చదివి, "మామా, గిది ఇంగ్లీషే గని, ఎవరు మాట్లాడే ఇంగ్లీషో తెలుస్తలేదు" అన్నది. మనుషులు ఒకరితో ఒకరు ఎట్లా మాట్లాడుకుంటారనే సంగతిని ఒక్క మనిషికీ అర్థం కాకుండా రాయగలిగినందుకు ముందుగా తమ పీఠానికి నా అభినందనలు. ఇక నా ఫిర్యాదులు:

1. తమ పరిశోధక విద్యార్థిని కుమారి మనస్విని నిరుడు వానకాలంలో మా దుకాణానికి వచ్చి, "పాతబస్తీ బజారులో మతాంతర సంభాషణ" అనే అంశం మీద పని చేస్తున్నానని, ఒక మూలన కూర్చుంటానని అడిగింది. కూర్చో బిడ్డా అన్నాను. నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం తీసి సంతకం అడిగింది. చదవకుండానే పెట్టాను. మన గద్దె మీద కూర్చోబెట్టుకున్న మనిషి ఇచ్చిన కాగితాన్ని అనుమానంగా చదవడం మా ఇంట్లో మర్యాద కాదు. ఆ మర్యాద వల్ల నష్టపోయాను కనుక ఇది ఫిర్యాదు కిందికే వస్తుంది.

ఆ పిల్ల అగ్గిపెట్టె అంత రికార్డరు గల్లా పక్కన పెట్టి ఆరు నెలలు మా మాటలన్నీ పట్టుకున్నది. నేను ఒకే గిరాకీకి తెలుగులో రమ్మని చెప్పి, ఉర్దూలో ధర చెప్పి, మళ్లీ తెలుగులో దీవించి పంపితే దానికి తమ పుస్తకంలో ఎంత పెద్ద పేరు పెట్టారంటే, దాన్ని పలికే లోపల గిరాకీ మదీనా చౌరస్తా దాటిపోతుంది. ఒకసారి ఆ పిల్ల ఒక పెద్దావిడను పట్టుకుని, "ఈ దుకాణంలో మీరు సాంస్కృతికంగా సురక్షితంగా భావిస్తున్నారా" అని అడిగింది. ఆమె నా మొహం చూసి, "ఏమంటుందయ్యా గీ పిల్ల? కిరన్ ఉన్నదా లేదా?" అన్నది. కిరన్ అంటే దుపట్టా అంచుకు కుట్టే వెండి జాలరు. ఉన్నదని చెప్పాను.

2. గైడు ప్రొఫెసర్ సదాశివ గారు ఆ ఆరు నెలల్లో ఒకే ఒక్కసారి, పదకొండు నిమిషాల పాటు వచ్చారు. మా దుకాణంలో కింద తెల్లటి చాందినీ పరచి ఉంటుంది. నవాబు గారి బేగమైనా, గౌలిపుర పాలామె అయినా చెప్పులు మెట్టు దగ్గర విడిచి ఎక్కవలసిందే. ఎక్కుతారు కూడా, ఎవరికీ చెప్పనక్కర లేదు. ప్రొఫెసర్ గారు బూట్లతో ఎక్కారు. నా చాందినీ నడుమ నిలబడి, "ఇతర సంస్కృతుల పట్ల మీరు సున్నితంగా ఉంటారా" అని నన్ను అడిగారు. ఉంటానండీ అన్నాను. వారు వెళ్లగానే చాందినీ తీసి ఉతకడానికి వేశాను. ఈ సంగతి వారి పుస్తకంలో లేదు.

3. ఇక అసలు సంగతి. పేజీ నూట నలభై మూడు, పట్టిక ఏడు. పొద్దున్నే దుకాణానికి వచ్చిన బుర్ఖా వేసుకున్న ఆడవాళ్లను నేను నలభై ఒక్కసారి, "మా దగ్గర లేదమ్మా, పక్కన చూడుండ్రి" అని పంపించానని, అప్పుడు వాళ్లు అడిగిన సరుకు నా తల మీదనే వేలాడుతున్నదని లెక్క కట్టారు. లెక్క నిజమే. దానికి వారు చెప్పిన కారణం: "మెజారిటీ వర్గ వ్యాపారి తన తొలి అమ్మకపు పవిత్రతను కాపాడుకునేందుకు మైనారిటీ మహిళలను మర్యాద మాటున తిరస్కరిస్తున్నాడు."

అయ్యా, అరవై ఆరేళ్లు బతికాను. నా గురించి చాలా మంది చాలా అన్నారు. పిసినారి అన్నారు, కోపిష్టి అన్నారు, మా ఆవిడ సుగుణమ్మ ఈ రెండూ రోజూ అంటుంది. ఈ మాట మాత్రం ఎవరూ అనలేదు. దీన్ని అనడానికి యూనివర్సిటీ చదువు కావలసి వచ్చింది.

4. నిజం ఇది. నా దుకాణం, పక్కనున్న గులాం జిలానీ భాయ్ దుకాణం ఒకే రాతి కమాను కింద ఉన్నాయి. నడుమ టేకు పలక ఒక్కటే అడ్డం. ఇద్దరిదీ అదే సరుకు, అవే అంచులు. మా తాతల నాటి నుంచి ఒక కట్టుబాటు ఉన్నది. ఎవరి బోణీ ముందైతే వారు తర్వాత వచ్చే గిరాకీని పక్కకు పంపాలి, పక్కవారి బోణీ అయ్యేదాకా. కారణం మాత్రం చెప్పకూడదు. పక్కాయన బోణీ కాలేదని గిరాకీకి తెలిస్తే బేరం గొంతు మీద కూర్చుంటుంది. పైగా ఒక మనిషికి ఇంకా బోణీ కాలేదని బజారులో పైకి అనడం ఆయన పరువు తీయడమే. అందుకని లేదనే చెప్పాలి. ఎవరి బోణీ అయితే వారు అంచులు కొలిచే ఇనుప గజంతో పలక మీద రెండు దెబ్బలు కొట్టాలి. రెండోవారి దెబ్బలు కూడా వినబడితే ఇక ఎవరి గిరాకీ వారిది.

జిలానీ భాయ్‌కి మోకాళ్ల నొప్పి. పదిన్నరకు గాని తెరవలేడు. నేను తొమ్మిదిన్నరకే కూర్చుంటాను. కనుక బోణీ ఎప్పుడూ నాదే ముందు, పంపేదీ నేనే. ఆయన తలుపు తీయగానే వచ్చిన మొదటి ఆడమనిషి ఎవరైతే ఆమెనే పంపాను. బుర్ఖాలో వచ్చినవారిని పంపాను, బొట్టు పెట్టుకుని బోనాలకు అమ్మవారి చీర అంచు కోసం వచ్చినవారినీ పంపాను. రెండో రకం వారు పట్టిక ఏడులో లేరు. అంశం మతాంతరం గదా, వాళ్లను లెక్కపెట్టే అవసరం కలగలేదట.

5. ఈ ఐదోది నా మీద నేనే చేసుకుంటున్న ఫిర్యాదు. కుమారి మనస్విని ఒక రోజు సూటిగా అడిగింది. "అంకుల్, సరుకు పైన కనబడుతోంది కదా, ఎందుకు లేదన్నారు?" అని. పలక అవతల జిలానీ భాయ్ కూర్చుని ఉన్నాడు. ఆయన బోణీ కాలేదు. ఆయన వినేటట్టు ఆ మాట ఎట్లా అనను? "గది వేరే రకం బిడ్డా, నీకు తెల్వదు" అన్నాను. ఆ పిల్ల రాసుకున్నది. పుస్తకంలో నా అబద్ధానికి ఒక పేజీన్నర ఇచ్చారు. ఆ సాయంత్రం ఆమెను చార్మినార్ దాకా నడిపించుకుపోయి విషయం చెప్పి ఉంటే ఈ అర్జీ ఉండేది కాదు. చెప్పలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. తమ పీఠంలో ఇట్లా ఒప్పుకునే పద్ధతి ఉన్నదో లేదో నాకు తెలియదు.

6. పుస్తకం తమ అల్మారాలోనే పడి ఉంటే నాకు ఏ బాధా లేకపోయేది. "ఫలితాలను సమాజానికి తిరిగి అందించుట" అని మూడు భాషల్లో కరపత్రం వేసి మా బజారులోనే పంచారు. అందులో నా పేరు గోప్యంగా ఉంచి "శ్రీ ప." అన్నారు. ఫొటోలో నా మొహం మసక చేశారు. నా నెత్తిమీది బోర్డు మాత్రం, పేరు, ఫోన్ నంబరుతో సహా, తళతళలాడుతున్నది.

7. గత రంజాన్ తర్వాత జిలానీ భాయ్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. ఆయన కొడుకు ముదస్సిర్ గచ్చిబౌలిలో ఉద్యోగం వదులుకుని దుకాణంలో కూర్చున్నాడు. వాడిని నా భుజాల మీద మోసినవాడిని. కరపత్రం వాడి చేతికీ ఇచ్చారు. పట్టుకుని నా మెట్టు దగ్గర నిలబడ్డాడు.

"చాచా, గిది మీరేనా?"

"నేనే బేటా. గని వాళ్లు రాసింది వేరే, జరిగింది వేరే" అని కట్టుబాటు సంగతి మొత్తం చెప్పాను.

"అబ్బా నాకెన్నడు చెప్పలే."

"చెప్పేది కాదు బేటా అది. దుకాణంల కూసుంటే దానంతటదే తెలుస్తది."

"ఎవరికి చెప్పనిది ఉన్నదని నేనెట్ల నమ్మాలె చాచా? గిండ్ల నలభై ఒకటి అని లెక్క ఉన్నది. మీరే లేదన్నరని ఉన్నది."

చదువుకున్న పిల్లవాడు, అచ్చులో ఉన్నదాన్ని నమ్ముతాడు. మరునాడు బోణీ కాగానే ఒకామెను వాడి దగ్గరికి పంపాను. రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చి, "ఆయన నీ దగ్గర్నే ఉన్నదంటుండు. ఏంది మీ ఇద్దరి లొల్లి?" అన్నది. నాలుగు నెలలుగా ఇదే. పంపుతాను, తిరిగి వస్తారు. పలక మీద గజం చప్పుడు లేదు.

జిలానీ భాయ్‌ని చూడడానికి వాళ్లింటికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ ముదస్సిర్ గుమ్మంలోనే, "అబ్బా నిద్రపోతుండ్రు చాచా" అన్నాడు. అదబ్‌గానే, మర్యాద తప్పకుండానే అన్నాడు. మూడోసారి లోపల మంచం కదిలిన చప్పుడు విన్నాను. అయ్యా, నలభై ఏళ్లు రోజూ నన్ను తిట్టిన మనిషి లోపల మేలుకుని ఉండగా నేను చెప్పులు వేసుకుని వెనక్కి వచ్చాను. దీనికి తమ పుస్తకంలో ఏ పేరున్నదో చెప్పవలెను.

8. నా పక్షాన సాక్ష్యం ఒక్కటే ఉన్నది, అది తమ దగ్గరే ఉన్నది. పేజీ రెండు వందల పన్నెండు, చివరి పంక్తి: "పక్క దుకాణం నుండి వినవచ్చిన లోహపు చప్పుళ్లు, అప్రస్తుత సంభాషణలు స్పష్టత కొరకు తొలగించబడినవి."

లోహపు చప్పుడు అంటే జిలానీ భాయ్ గజం. నలభై ఒక్క రోజులూ అది మోగింది. అది మోగాక నేను ఒక్క మనిషిని కూడా లేదని పంపలేదు. ఒక్కసారి వింటే ముదస్సిర్‌కు తెలిసిపోతుంది, ఆరేళ్ల పిల్లకూ తెలిసిపోతుంది. తమ వారు ఆరు నెలలు సంభాషణ కోసం వెతికారు. సంభాషణ జరుగుతుంటే చప్పుడని తీసి పారేశారు.

ఈ సంగతి చెప్పుకుందామని తమ పీఠానికి రెండుసార్లు వచ్చాను. మొదటిసారి గేటు దగ్గరే ఆపారు. రెండోసారి ఒక అమ్మాయి ఫారం ఇచ్చింది. నింపి ఇస్తే, "మీ అభిప్రాయం మాకు అమూల్యం" అని ఫోనుకు మెసేజీ వచ్చింది. రికార్డింగులు పీఠం సొత్తు అని, నా సంతకం ఉన్నదని దాని కింద రాశారు.

కావున ప్రార్థించుకొనునది:

ఒకటి. నూట నలభై మూడో పేజీ తీసివేయించి, కరపత్రం పంచిన చోటనే సవరణ పంచవలెను.

రెండు. కోతలు పెట్టని అసలు రికార్డింగులు నాకు ఇప్పించవలెను. ఇందులో ఇంకొక సంగతి ఉన్నది, రాయకుండా ఉండలేను. "అప్రస్తుత సంభాషణలు" అని వారు తీసివేసింది జిలానీ భాయ్ మాటలను. ఆరు నెలలు పలక అవతలి నుంచి, "అరే ఓ కంజూస్, చాయ్ చెప్పినవా, గిరాకీ పోయినంక చెప్తవా?" అని అరిచింది ఆయనే. ఇప్పుడు ఆ గొంతు ఆయన దగ్గర లేదు. ఆయన కొడుకు దగ్గర లేదు. ఒక్క తమ దగ్గరే ఉన్నది, పనికిరాదని పక్కన పెట్టి ఉన్నది. నా పరువు సంగతి తర్వాత చూసుకోండి. ముందు ఆ గొంతు పంపండి.

మూడు. ప్రొఫెసర్ సదాశివ గారు ఇంకెప్పుడైనా ఎవరి సంస్కృతినైనా పరిశోధించదలిస్తే బూట్లు విడిచి ఎక్కవలెనని వారికి వ్రాతమూలకంగా తెలియజేయవలెను.

పై విషయాలను అప్రస్తుతమని తొలగించక, ఆసాంతం చిత్తగించవలెను.

ఈసారి చదివి సంతకం పెట్టిన,
తమ విధేయుడు,
తాటిపల్లి పురుషోత్తం.

తాజా కలం: ఈ అర్జీ కవరులో పెడుతుండగా జరిగినది. నాలుగు నెలల తర్వాత ఈ రోజు జిలానీ భాయ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి దుకాణానికి తెచ్చారు. నేను అర్జీ రాస్తూ గిరాకీని పట్టించుకోలేదు, పొద్దటి నుంచి నా బోణీ కాలేదు. ముదస్సిర్‌కు ఒక బేరం తెగింది. తెగగానే పలక మీద ఒక దెబ్బ వినబడింది. కాసేపటికి ఇంకొకటి. ఎడమ చేత్తో కొట్టిన దెబ్బలు, వంకరగా తగిలాయి.

"క్యా హువా అబ్బా?" అని ముదస్సిర్ గొంతు. మళ్లీ రెండు దెబ్బలు.

వాడు బయటికి వచ్చి నా మెట్టు దగ్గర నిలబడ్డాడు. నా చేతిలోని కాగితాలు చూశాడు, ఖాళీ గద్దె చూశాడు.

"చాచా, మీ బోణీ..." అన్నాడు.

"గట్ల అడుగొద్దు బేటా" అన్నాను.

తన దుకాణంలోకి వెళ్లిపోయాడు. ఇంతలో బుర్ఖాలో ఒక పెద్దావిడ వాడి దుకాణం ముందు ఆగి కిరన్ అడిగింది. వాడి తల మీద ఆరు కిరన్ చుట్టలు వేలాడుతున్నాయి, ఇక్కడికి కనబడుతున్నాయి.

"మా దగ్గర లేదమ్మా, పక్కన చూడుండ్రి" అన్నాడు.

దీనిని పట్టిక ఏడులో నలభై రెండోదిగా వేసుకోండి. ఏ గడిలో వేస్తారో తమ పీఠం వారి ఇష్టం. రికార్డింగు మాత్రం పంపండి, ఆ కోరిక వెనక్కి తీసుకోవడం లేదు. ఆవిడ నా మెట్టు దగ్గర చెప్పులు విడుస్తున్నది, ఇక సెలవు.