పైన తమ్ముడు, కింద అన్న

ప్రియమైన బావా,

ఇల్లు దొరికింది. అప్పుడే గంతులెయ్యకు, పూర్తిగా చదువు.

ఏడాదిగా కాళ్ళరిగేలా తిరిగితే, ఊరి నడిబొడ్డున మన చేతికి అందే ధరలో కనిపించింది ఇదొక్కటే. నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సు వెనక సందులో పాత మేడ. గచ్చు అక్కడక్కడా లేచిపోయింది, కిటికీ తలుపులు ఒక పట్టాన మూసుకోవు. అయినా వంటింట్లోకి పొద్దున్నే ఎండ వస్తుంది. అక్కడ నిలబడి స్టవ్ ఎక్కడ పెట్టాలో కూడా అనేసుకున్నాను.

చిక్కంతా అమ్మేవాళ్ళతోనే. కింద అన్న, పైన తమ్ముడు. ఇల్లు ఇద్దరి పేరా ఉంది, ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఎందుకో వింటే నవ్వుతావు. అన్నగారి వంటింటి కప్పు కారుతుంది. తమ్ముడు కావాలనే స్నానాలగదిలో నీళ్ళు పారబోస్తున్నాడని అన్న అనుమానం. ఈ కారుడు గోలంతా తన వాటా కాజేయడానికి అన్న వేసిన ఎత్తని తమ్ముడి అనుమానం. ఈ గొడవ పడలేక అమ్మేద్దామంటారు, సంతకాలకి మాత్రం ఒక గదిలో కూర్చోరట. "వాడు వచ్చి వెళ్ళాక నేనొస్తానని చెప్పమ్మా" అని అన్న. నేను మెట్లెక్కి చెబితే "ముందు ఆయన్నే కానిమ్మనండి" అని తమ్ముడు. రిజిస్ట్రేషన్ ఆఫీసులోనేమో ఇద్దరూ ఒకేసారి రావాలంటారు. మెట్లెక్కీ దిగీ నా తల ప్రాణం తోకకొచ్చింది.

నీ క్వార్టర్స్‌లోకి ఆడవాళ్ళని రానివ్వరు, నా హాస్టల్లోకి మగవాళ్ళని రానివ్వరు. మూడేళ్ళుగా మన కాపురం వార్డెన్ కళ్ళెదుట, ముందు గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో. పెళ్ళైన కొత్తలో రెండు అద్దె ఇళ్ళు ఖాళీ చేయించారని, ఇకమీదట సొంత ఇల్లైతేనే అని పంతం పట్టింది నువ్వు. తిరుగుతున్నది నేను.

ఏదైనా ఉపాయం చెప్పు.

నీ మరదలు

*

తప్పులు పట్టే తప్పులమ్మకు,

నీ కోపం కవరు విప్పకముందే తగిలింది. ఫ్యాక్టరీలో రోజంతా పైపులతో కుస్తీ పట్టేవాణ్ణి, ఇంత చిన్న సంగతి ముందే అడగొచ్చుగా.

పైన స్నానాలగది తూములో, బట్టలకి వాడే నీలిమందు చిక్కగా కలిపి ఒక బకెట్టెడు నీళ్ళు పోయించు. కింద నీలంగా కారితే తప్పు తమ్ముడిది. మామూలు నీళ్ళే కారితే ఆ గోడలోంచి వేరే పైపేదో దిగుతోందన్నమాట, గోడ కొట్టించి చూడు. ఒక్కటి మాత్రం మరిచిపోకు. అన్నదమ్ములిద్దరినీ అక్కడే నిలబెట్టు. ఒకడు చూసి రెండోవాడికి చెబితే నమ్మడు.

కారే ఇల్లు కొంటున్నామని బెంగపడకు. పైపులైతే అతికిస్తాను, మనుషుల్ని అతికించడం నా వల్ల కాదు, అది నువ్వే చూసుకో. ఇల్లు కుదిరిందని నువ్వు రాసిన రోజే ఇక్కడ రాజీనామా ఇచ్చేస్తాను. ఈ గదిలో నలుగురి గురకా నాకు కంఠతా వచ్చేసింది.

నీ బావ

*

ప్రియమైన బావా,

కుదిరింది.

నీలిమందు నీళ్ళు తమ్ముడి చేతే పోయించాను. కింద వంటింట్లో తెల్ల గిన్నె పెట్టుకుని అన్నగారూ నేనూ కూర్చున్నాం. పోసినాయన కూడా దిగి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలో నిలబడ్డాడు. చాలాసేపు చూశాం. చుక్కలు పడుతూనే ఉన్నాయి, నీలం మాత్రం లేదు. అన్నగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. గోడ కొట్టిస్తే, పైనున్న ట్యాంకు నుంచి దిగే పైపు తుప్పు పట్టి చిల్లు పడి ఉంది. అది వేయించింది అన్నగారేనట.

ఆయన లేచి స్టవ్ మీద గిన్నె పెట్టారు. చివరికి గుమ్మం వైపు చూడకుండానే, "టీ తాగుతావేంట్రా" అన్నారు.

"చక్కెర తక్కువ వెయ్యి" అన్నాడు తమ్ముడు.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ కోసమని అబద్ధం చెప్పను, ఆ వంటిల్లు ఇక మనదైపోయిందన్న సంతోషంతో. పైపు మార్పించాను, కప్పు ఆరుతోంది. సోమవారం ఇద్దరూ కలిసే సంతకాలకి వస్తామన్నారు.

నీ మరదలు

*

తప్పులమ్మా,

రాజీనామా ఇచ్చేశాను. మేనేజరు "ఇంకోసారి ఆలోచించుకో" అన్నాడు. "మూడేళ్ళు అదే పని చేశానండి" అన్నాను.

సోమవారం సంతకాలయ్యాక వచ్చే ఆదివారం సాయంత్రం బస్సుకి, పెట్టె బేడాతో సహా దిగుతున్నాను.

నీ బావ

*

ప్రియమైన బావా,

కూర్చుని చదువు. వాళ్ళు ఇల్లు అమ్మరట.

సోమవారం మధ్యాహ్నం దాకా రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర పడిగాపులు కాసి, ఇంటికి వెళ్ళాను. అన్నదమ్ములిద్దరూ చెరో స్టూలు ఎక్కి వంటింటి కప్పుకి సున్నం వేస్తున్నారు. నన్ను చూసి అన్నగారు దిగి వచ్చారు.

"కారుతోందనే కదమ్మా అమ్ముదామనుకున్నది. ఇప్పుడు కారట్లేదుగా" అన్నారు.

"ముందే ఓ మాట చెప్పొచ్చుగా" అన్నాను.

"మేమూ ఇవాళ పొద్దున్నే ఆ మాట అనుకున్నామండీ" అన్నాడు తమ్ముడు. నేను పైపుకి పెట్టిన ఖర్చు చేతిలో పెట్టారు, మళ్ళీ స్టూళ్ళెక్కారు.

ఒళ్ళు మండిపోయింది. బాగు చేసిన పాపానికి నాకు దక్కింది ఇది. తిడదామని నోరు తెరిచాను కానీ, "అన్నయ్యా, ఆ మూల వదిలేశావు" అని తమ్ముడు అంటుంటే వెనక్కి తిరిగి బయటికొచ్చేశాను. వాళ్ళ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

హాస్టల్‌కి వచ్చేసరికి నీ ఉత్తరం. రాజీనామా వెనక్కి తీసుకోమని రాశాను, చించేశాను. మళ్ళీ రాశాను, మళ్ళీ చించేశాను. ఇల్లు దొరికితేనే కలిసి ఉందామని మనం పట్టుబట్టాం. వాళ్ళు కలిసి ఉండాలనిపించగానే ఇల్లు అమ్మడమే మానేశారు. మనలో, వాళ్ళలో బుద్ధిలేనివాళ్ళెవరో నాకు ఆ మెట్ల మీదే తెలిసింది.

అందుకని నిన్ను అడగకుండా ఒక పని చేశాను. హాస్టల్ ఖాళీ చేశాను. టైర్ల కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకున్నాను. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారో తెలియదు, అంటే అప్పుడు చూద్దాం. నీ పంతం నువ్వే ఉంచుకో.

నా కోపం ఇంకా దిగలేదు. వాళ్ళ మీద ఉంది, నీ మీద ఉంది, నా మీద ఎక్కువ ఉంది. దాన్ని కాగితం మీద పెట్టీ పెట్టీ విసిగిపోయాను బావా. ఆదివారం రా. ఎదురుగా కూర్చోబెట్టుకుని కోప్పడాలి.

నీ మరదలు