పట్టుగూళ్ల ధరలు ఎవరు వింటారు?

అప్పా,

నిన్న క్యాసంబళ్ళిలో మన ఇంటికి రేడియో సర్వే అమ్మాయి వచ్చింది. "పొద్దున పట్టుగూళ్ల ధరలు ఎవురన్నా వింటారా అక్కా? వినేవాళ్లు లేకుంటే ఆ కార్యక్రమం తీసేస్తారంట" అంది.

"మా అప్ప దినామూ వింటాడు" అనేశాను.

నీ పేరు రాసుకుని, "అట్లయితే రేపొచ్చి ఆయప్పతోనే మాట్లాడతా" అని వెళ్లింది.

నువ్వు పోయి ఏడాదైందని ఇప్పుడెలా చెప్పను? అబద్ధమని తెలిస్తే మన ఇంటి సర్వే కాగితమే లెక్కలోకి రాకుండా పక్కన పడేస్తుందేమో. గేటు చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాను. కనీసం నేను వింటున్నానని చెప్పుకోవాలని, ఇన్నాళ్లకు ఈ పొద్దున నీ రేడియో పెట్టాను. ధరలు మొదలవగానే అమ్మా నేనూ మాటలు ఆపేశాం, నువ్వు కసురుతావని.