గుమ్మడి మామ చేతులు

మోఖోట్లాంగ్,
2 జూన్ 2017

మేనకోడలు లిసెమెలోకు మేనమామ సెఖొన్యానా ఆశీస్సులు.

ఖోత్సో, తల్లీ. మన పలకరింపుకు అర్థమే శాంతి. మీ అత్త మామోసెబి ఉన్న ఇంట్లో అది పలకరింపు దగ్గరే ఆగిపోతుందనుకో. మొన్న మంచు కురిసి రెండు గొర్రెలు పోయాయి. మీ అత్తకు మోకాళ్ళు పట్టేశాయి, నోరు మాత్రం పట్టెయ్యలేదు. పొయ్యి దగ్గర కూర్చుని నీ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుంది.

అణుబాంబులు ఎవరూ ఉంచుకోకూడదని ఒప్పందం రాసుకునే సభలో, మన లెసోతో తరఫున నిన్ను మూడు నిమిషాలు మాట్లాడమన్నారని చదివి, ఈ వయసులో గంతేశాను. ఇంకో నాలుగు ముక్కలు చదివేసరికి చతికిలబడ్డాను. టీ తాగేచోట ఎవరో పెద్ద దేశపు దొర నవ్వాడట. బాంబే లేని మీరు బాంబు వద్దనడం, పళ్ళు లేనివాడు మాంసం మానేశానన్నట్టుంది అన్నాడట. అందుకని నీ మూడు నిమిషాలూ ఇంకెవరికో ఇచ్చేసి వెనక వరసలో కూర్చుంటానంటావా?

మీ అత్త వినగానే, ఆ నోరు దాచుకుని ఏం చేస్తుందట, ఉప్పేసి ఊరబెడుతుందా అంది. ఆ దొరని ఓసారి మా ఊరు పంపించమను, వాడికెన్ని పళ్ళున్నాయో నేను లెక్కపెట్టి పంపుతాను అని కూడా అంది. ఈ మాట సభలో చెప్పకు.

నాకు మాత్రం పోయిన ఏడాది ఊరి పెద్ద ఊరందరినీ పిలిచి పెట్టిన పిత్సో సభ గుర్తొచ్చింది. పచ్చిక కోసం రెండు పెద్ద ఇళ్ళవాళ్ళు కర్రలతో వచ్చారు. మధ్యలో ముసలి మాలెరొథోలి లేచింది. ఆవిడకు ఒక్క దూడైనా లేదు కదా. గొడ్డూ గోదా లేనిదానివి, నీకెందుకమ్మా పచ్చిక తగువు అని అందరూ పకపకా నవ్వారు. ఆవిడ జంకలేదు. మీ గొడ్లు కుమ్ముకుంటే తొక్కేది నా మొక్కజొన్న చేనురా అంది. కర్రలు తెచ్చినవాళ్ళు వాటిని కింద పెట్టి ఆవిడ మాట విన్నారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, అబద్ధమెందుకు. పిత్సోలో ఎవరేం మాట్లాడినా శిక్ష లేదు, అది మన పద్ధతి. నీ సభనూ అలాగే అనుకో.

ఇలాంటప్పుడు నువ్వు నాకు ఇంకా చిన్నపిల్లలాగే కనిపిస్తావు. దక్షిణాఫ్రికా గని నుంచి నేను సెలవుకు వచ్చినప్పుడల్లా నా చేతులు పట్టుకుని, గోళ్ళ సందుల్లో ఈ పసుపేంటి మామా అని అడిగేదానివి. గుమ్మడికాయలు చెక్కానని చెప్పేవాణ్ణి. బంగారు గనిలో గుమ్మడికాయలెందుకుంటాయని అడిగే వయసు కాదు నీది. అప్పటినుంచి నీకు నేను గుమ్మడి మామనే. ఆ పిలుపు వింటే ఈనాటికీ నాకు ప్రాణం లేచి వస్తుంది.

మీ ఆఫీసు నుంచి ఎవరో విమానమెక్కుతున్నారని తెలిసి, ఈ ఉత్తరంతో పాటు నా పెళ్ళినాటి కంబళి పంపుతున్నాను. మన పద్ధతిలో భుజాన వేసుకుని, పిన్ను గట్టిగా పెట్టుకుని, లేచి నిలబడు.

ఇట్లు,
నీ గుమ్మడి మామ
సెఖొన్యానా

తా.క.: అంటించిన కవరు మళ్ళీ విప్పాను. నా గోళ్ళలోని ఆ పసుపు గుమ్మడికాయది కాదమ్మా. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడి నుంచి పసుప్పచ్చటి పొడి తీసే షెడ్డులో పదకొండేళ్ళు పనిచేశాను. దాన్ని డ్రమ్ములకెత్తి మూతలు బిగించేవాణ్ణి. రంగులకు వాడే మట్టి అన్నారు, నమ్మాను. పోయినసారి నువ్వు పంపిన పుస్తకంలో ఆ డ్రమ్ముల ఫొటో చూశాను. కింద యురేనియం అని ఉంది. బాంబుల్లోకి వెళ్ళేది అదేనట. నేను మూత పెట్టినవి ఏ దేశం చేరాయో నాకు తెలియదు. అది చూసినప్పటినుంచీ మీ అత్తకు కూడా చెప్పుకోలేకపోయాను. సిగ్గేసింది, నిన్ను ఎత్తుకున్నదీ ఆ చేతులతోనే కదా అని భయమూ వేసింది. ఆ దొర మళ్ళీ నవ్వితే, మాకు బాంబు లేదు కానీ దాని పొడి మా మామ గోళ్ళలో ఉండేదని చెప్పు. అక్కడ మాత్రం గుమ్మడి మామ అనకు. నా పూర్తి పేరు చెప్పు.