బిళ్ళగన్నేరుకు మంచినీళ్ళు వద్దు

అత్తయ్యా, పత్రిక పని మీద వెళ్తున్నాను, నాలుగు రోజుల్లో వస్తాను. సముద్రం వైపు గోడ పక్కనున్న బిళ్ళగన్నేరుకు అప్పటిదాకా నీళ్ళు పోయకండి. వారానికి మొక్కకో చెంబు బావి ఉప్పునీళ్ళు చాలు, నిన్ననే పోశాను.

"పాపం, ఉప్పు తాగి ఎలా బతుకుతుందే" అంటూ మీరు రోజూ మంచినీళ్ళు పోస్తున్నారు. చివరి మొక్క మొదట్లో కుళ్ళింది. ఎవరు పోశారని నేను ఎవరినీ అడగలేదు, మీ చెంబు అక్కడే ఉంది.

నా గులాబీలు మూడూ ఉప్పుగాలికి ఎండిపోయినప్పుడు "నీ చేతిలో మొక్క బతకదమ్మా" అన్నారు. పక్కింటి పిన్నిగారి ముందు అన్నారు. ఈ పొద్దున బిళ్ళగన్నేరుకు పంతొమ్మిది పూలున్నాయి. ఆవిడను పిలిచి లెక్కపెట్టించండి. అడిగితే ఒక కొమ్మ తుంచి ఇవ్వండి, నాటుకుంటుంది.

మరిచాను. మీ కళ్ళద్దాల పక్కన గ్లాసులో రెండు పూలు పెట్టాను. చెయ్యి ఊరుకోకపోతే మంచినీళ్ళు అందులో పోయండి.