ఆమెన్ అన్నంకనే మెయిల్

నాన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దున మన కంప్యూటర్‌ల నీ మెయిల్‌కు డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టిన. ఇగ నీ లెక్క ఒక్క వేలితోటి అడ్రసు, పాస్‌వర్డ్ కొట్టే పని లేదు. నొక్కంగనే మెయిల్ విడిగ ఒక విండోల తెరుచుకుంటది.

నువ్వు పాల్వంచ పవర్‌హౌస్‌ల షిఫ్టు దిగొచ్చి, ఆ మెయిల్ పేజీ మెల్లగ వచ్చేదాంక కండ్లు మూసుకొని ప్రార్థన చేసేటోడివి. "జల్దీ చూడు నాన్నా" అని చెల్లి మొత్తుకుంటే, "ఆగవే, ఆమెన్ అననియ్యి" అనేటోడివి.

ఇయ్యాల నేను కండ్లు మూసేలోపే మెయిల్ తెరుచుకున్నది. గంత జల్దీ నాకు నచ్చలె. చదవకుండనే బంద్ చేసి, ప్రార్థన చేసుకొని, ఆమెన్ అన్నంక మళ్ల నొక్కిన.

చెల్లికి దవాఖానాల నర్సు నౌకరీ వచ్చింది. నువ్వున్నప్పుడు పెట్టిన దరఖాస్తుల నీ మెయిలే రాసినం గద, కబురు నీకే వచ్చింది నాన్నా.

నీ పెద్దబిడ్డ