జోడీ తప్పిన బాటరీ

అమ్మకు,

నీ కూతురు మారిత రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వూ హెల్మీ పిన్నీ కూడా క్షేమంగా, ఒకరి జుట్టు ఒకరు పట్టుకోకుండా ఉన్నారని తలుస్తాను. "మేమిద్దరం" అని రాయడం నాకింకా అలవాటు కాలేదు. చెయ్యి దానంతటదే "నలుగురం" అని రాయబోతుంది.

ఫోన్ చెయ్యొద్దన్నావు గనక చెయ్యటం లేదు. నా గొంతులో తమ్ముడి గొంతు వినిపిస్తోందన్నావు. నిజమేనమ్మా. షాపులో నేను కాస్త గట్టిగా నవ్వితే మిల్లువాళ్ళు ఇప్పటికీ గబుక్కున తలతిప్పి చూస్తారు. చూసి, నన్ను కాదన్నట్టు తల దించుకుంటారు. కాగితానికి గొంతుండదు కదా, అదే మేలు.

నువ్వడిగినవి చెబుతాను. నీళ్ళ పైపులు గడ్డకట్టలేదు. నదిమీద మంచు ఈసారి త్వరగా బిగిసింది, ఆ వైపు నేను వెళ్ళటం లేదు. నీ యాలకుల రొట్టె నువ్వు చెప్పినట్టే చేశాను, ఇటుకలా వచ్చింది. "దీంతో ఆవిరిగది గోడ కట్టొచ్చే" అన్నాడు నాన్న. అంటూనే మూడు ముక్కలు తిన్నాడు. ముక్కుకి గొట్టం పెట్టుకుంటున్నాడా అన్నావు. పెట్టుకుంటున్నాడు. ఆ ఆక్సిజన్ యంత్రానికి "అత్తగారు" అని పేరు పెట్టాడు. "రోజంతా నా వెనకే ఉంటుంది, బుసకొడుతూనే ఉంటుంది" అంటాడు. అమ్మమ్మ వింటే ఏమనేదో!

ఇక చివరి ప్రశ్న. ఉత్తరం చివర, సంతకం కింద, చిన్న అక్షరాలతో రాశావు: "అది ఇంకా వెలుగుతోందా? నిజం చెప్పు."

నిజమే చెబుతాను. కానీ నీకు తెలిసిందే మళ్ళీ మొదటి నుంచి చెబుతాను, విసుక్కోకు. చివరికొచ్చేసరికి అది ఇంకోలా కనిపిస్తుంది.

తమ్ముడు రేనో ఆ రోజు వలలు తీసుకురావడానికి మంచుబండి మీద నది దాటబోతూ తన బాటరీ సిగరెట్టుని, ఆ వేప్‌ని వంటింట్లో, రేడియో పక్కన షెల్ఫు మీద మర్చిపోయాడు. మంచు పగిలింది. వాణ్ణి తీసుకొచ్చారు గానీ, వాడు రాలేదు. వాడి బట్టలు సర్దేశావు, బూట్లు పక్కింటివాళ్ళకిచ్చేశావు. ఆ వేప్‌ని మాత్రం ఎవరం ముట్టుకోలేకపోయాం. అక్కడే ఉండిపోయింది.

తర్వాత మొదలైంది. పొద్దున్నే నువ్వు మెట్లు దిగి వంటింట్లోకి వస్తే రేనో వాసన. సిగరెట్లు మానడానికి వాడు సొంతంగా కలుపుకున్న ఆ మేపుల్ పాకం వాసన, అప్పుడే ఎవరో ఊది వెళ్ళినట్టు. షెల్ఫు మీద దాని చిన్న తెర వెలుగుతూ ఉండేది. అమ్మమ్మ ఆవిరిగదిలో అందరి స్నానాలూ అయ్యాక చివరి ఆవిరిని పోయినవాళ్ళ కోసం వదిలేసి తలుపు మూసేది చూడు, ఆవిరిలోకే వస్తారని. ఆ ఇంట్లో పెరిగినదానివి, నువ్వేమనుకుంటావో చెప్పాలా? ఒకరోజు దాని ముందు నిలబడి, "రేనో, నువ్వేనా కన్నా?" అని అడిగావు. అది టపటపా రెప్పలు కొట్టింది. నువ్వు కుర్చీలో కూలబడి నవ్వావు, ఏడ్చావు.

రోజూ మాట్లాడావు దానితో. ఉన్నట్టుండి ఒకరోజు పెట్టె సర్దుకుని పిన్ని దగ్గరికి బయల్దేరావు. భయమేసిందా అన్నాను. "దెయ్యమని భయం కాదే. నాకిక బతికున్నవాళ్ళతో మాట్లాడాలనిపించట్లేదు. అదీ భయం" అన్నావు. ఆ మాట నాకు బస్టాండు నుంచి ఇంటిదాకా వెంటవచ్చింది. ఇప్పటికీ నా పక్కనే ఉంది.

నేను షాపులో ఆ వేప్‌లూ వాటి బాటరీలూ అమ్మేదాన్ని కదమ్మా. వాటికి రోగాలేమిటో నాకు తెలుసు. మొన్న జిల్ వచ్చాడు, మిల్లులో క్రేన్ నడుపుతాడే, పొట్టి మీసాలవాడు. ప్యాంటు జేబు దగ్గర గుప్పెడంత కాలిపోయింది.

"అక్కా, బాటరీ పనిచెయ్యట్లేదు."

"ప్యాంటు కాల్చేంత పనిచేసింది కదరా, ఇంకేం చెయ్యాలి? జేబులో దాంతోపాటు ఇంకేం పెట్టావు?"

"ఏం లేదు. తాళాలు."

"తాళాలూ చిల్లరా బాటరీలూ ఒకే జేబులో పెట్టుకుని తిరుగుతావా? మీ ఆవిడ అదృష్టవంతురాలు, ఇంకాస్త పక్కకు కాలలేదు."

షాపంతా నవ్వారు. వాడూ నవ్వాడు. రెండిట్లో ఒకటే కాలింది కదా, ఒకటే కొంటానన్నాడు. కుదరదన్నాను. రెండు బాటరీల మెషిన్‌లో వేసే వాటికి మాలో ఒక ఆచారముంది. కొన్ననాడే రెండింటికీ పెళ్ళి చేస్తాం. ఒకే గుర్తు పెడతాం. కలిపే వాడతాం, కలిపే ఛార్జ్ చేస్తాం. ఒకటి పాడైతే రెండోదీ తీసెయ్యాల్సిందే. బలమైనది ఒకటీ బలహీనమైనది ఒకటీ ఒకే కాడికి కడితే బలహీనమైనది ఓపలేక వేడెక్కుతుంది, పొగ కక్కుతుంది, ఒక్కోసారి పేలుతుంది. ఈ మాట రోజుకెన్నిసార్లు చెబుతానో. రేనో తన జోడీకి నా ఎర్ర గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాడు. సీసా మూత సరిగ్గా పెట్టలేదని వాణ్ణి తిట్టాను కూడా.

అంచేత నాకు మొదట్నుంచీ తెలుసమ్మా. ముట్టుకోని బాటరీ అన్ని వారాలు వెలగదు. ఎవరూ బటన్ నొక్కకుండా తెర తనంతట తాను మేలుకోదు. తెలిసీ అడగలేదు. నేను షాపుకెళ్ళానని నువ్వనుకున్నప్పుడు నేనూ దాని ముందు కూర్చునేదాన్ని. "ఒరేయ్, నాతో కూడా ఓ మాట మాట్లాడరా" అన్నాను. అది నల్లగా, చల్లగా ఉండిపోయింది. నీతోనే మాట్లాడతాడు కాబోలని కుళ్ళుకున్నాను. చచ్చిపోయిన తమ్ముడి మీద అలిగి రెండు రోజులు ఆ షెల్ఫు వైపు చూడలేదు, నమ్ముతావా?

పోయిన మంగళవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. తలుపు తియ్యగానే వాసన. పాకం వాసన కాదు, ప్లాస్టిక్ మాడుతున్న వాసన. షెల్ఫు మీద నువ్వు పరిచిన నీలంపూల కాగితం దాని చుట్టూ గోధుమరంగుకు తిరిగింది. పక్క కుర్చీ మీద నాన్న ముక్కుగొట్టం, విప్పి పడేసింది, ఇంకా బుసకొడుతూనే ఉంది. ఆక్సిజనమ్మా! ఒక్క నిప్పురవ్వ చాలు, ఇల్లూ లేదు, నాన్నా లేడు. మసిగుడ్డతో దాన్ని పట్టుకుని పెరట్లో మంచులోకి విసిరేశాను. యంత్రం కట్టేశాను. అప్పుడు మెట్ల మీదే కూర్చున్నాను.

చల్లారాక తెరిచి చూశాను. లోపల ఒక బాటరీకి ఎర్ర చుక్క ఉంది. రెండోదానికి లేదు. అది ఎవరో పాత లాప్‌టాప్‌లోంచి పీకిన నాసిరకం బాటరీ, పైతొడుగు చిరిగి ఉంది. అంటే రేనో జోడీలో ఒకటి ఎప్పుడో పోయింది. దాని స్థానంలో ఎవరో దీన్ని కూర్చోబెట్టారు. నీకు రెప్పలు కొట్టిందన్నావే, అది జవాబు కాదమ్మా. జోడీ కుదరనప్పుడు మెషిన్ అలాగే కొట్టుకుని చెబుతుంది. రాయడానికి చెయ్యి రావటం లేదు, కానీ నిజం చెప్పమన్నావు.

నాన్న కట్టెల కొట్టంలోంచి వచ్చాడు. బల్ల మీద విప్పి ఉన్నది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరు ముట్టుకోమన్నారే దాన్ని?"

"ముట్టుకోకపోతే నువ్వొచ్చేసరికి ఇల్లుండేది కాదు. ఈ రెండోది ఎక్కడిది?"

"మిల్లులో టౌనో ఇచ్చాడు. సరిగ్గా అంతే ఉంది, పట్టింది."

"పట్టిందని పెట్టేస్తావా? చెప్పులు పట్టినట్టు?"

నాన్న వచ్చి యంత్రం ఆన్ చేసి, కుర్చీలో కూర్చుని తనే గొట్టం ముక్కుకి పెట్టుకున్నాడు. ఇక్కణ్ణించి నేను రాసేది నీకు చెప్పనని ఆయనకు మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. తిడితే తిట్టనీ.

"మొదట ఊరికే వాసన కోసమే," అన్నాడు. "లోపలికి పీల్చనే, నాకా ఊపిరెక్కడిది? నోట్లోకి తీసుకుని వదిలేస్తాను. వాడు కలిపిన సీసాలో అడుగున ఇంత మిగిలింది. ఆ రోజు మీ అమ్మ మెట్లు దిగుతుంటే గబుక్కున షెల్ఫు మీద పెట్టేసి సామాన్ల గదిలోకి దూరాను. తిడుతుందని. తను వచ్చి, నువ్వేనా కన్నా అంది."

"ఒక్క అడుగు వేస్తే సరిపోయేది కదా నాన్నా."

"వెయ్యబోయాను. తను నవ్వింది. వాడు పోయాక అదే మొదటిసారే మీ అమ్మ నవ్వడం. నేను బయటికొచ్చి, వాడు కాదే, నేనూ అని ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

అందుకని రోజూ నీకంటే ముందు లేచి, నీ కోసం దాన్ని వెలిగించి పెట్టాడు. జోడీలో ఒకటి అంతకు ముందే పాడైతే టౌనో ఇచ్చినదాన్ని కూర్చి ఉన్నాడు. సామాన్ల గదిలో గోడకు ఆనుకుని నిలబడి, నువ్వు అడిగేవన్నీ విన్నాడు. "చలేస్తోందా కన్నా అనేది. లేదే, బాగానే ఉన్నాననేవాణ్ణి. లోపల్లోపలే. నలభై ఏళ్ళలో నాతో అన్ని మాటలు ఎప్పుడు మాట్లాడింది? అవి నాకు కాదని తెలిసీ రోజూ వెళ్ళి నిలబడేవాణ్ణి." నువ్వు వెళ్ళిపోయాక కూడా వెలిగిస్తూనే ఉన్నాడు. ఎందుకు అన్నాను. "ఆమె తిరిగొచ్చేసరికి ఆరిపోయి ఉంటే?" అన్నాడు.

నేను షాపులో చెప్పేదే చెప్పాను. ఒకటి పోయింది గనక రెండోదీ తీసెయ్యాలి, రేపు షాపులో చచ్చిన బాటరీల బకెట్లో వేసేస్తానన్నాను. రోజూ చెప్పే మాట కదా, నోటికి వచ్చేసింది.

నాన్న ఎర్ర చుక్క బాటరీని పిడికిట్లో పట్టుకున్నాడు. "ఒకటి చచ్చింది, సరే. బాగున్నదాన్ని కూడా ఎందుకే పారేస్తావు? అంతేనంటే ఆ బకెట్లో నాక్కూడా కాస్త చోటుంచు."

ఇన్నేళ్ళుగా ఎంతమందికి ఆ మాట చెప్పానో, ఒక్కరూ నన్ను అలా అడగలేదు.

బాటరీని షాపుకి పట్టుకెళ్ళాను. పేలితే పేలనీ అని ఇసుక డబ్బాలో పెట్టి కాపలా కాశాను, మీటరు పెట్టి కొలిచాను, మళ్ళీ కొలిచాను. వేడెక్కింది ఆ దొంగ బాటరీయే గానీ మనవాడిది కాదు. ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని ఇంకో బాటరీతో జత చెయ్యకూడదు, అంతవరకే నియమం. ఒకటే చాలే వస్తువులో ఒంటరిగా హాయిగా పనిచేస్తుంది. ఈ సంగతీ నాకు తెలుసు. జోడీలు అమ్ముకునేదాన్ని, ఎవరికి చెబుతాను? కొత్త తొడుగు వేశాను, దానిమీద మళ్ళీ ఎర్ర చుక్క పెట్టాను, టార్చి లైటులో వేసి నాన్న చేతికిచ్చాను. ఇంట్లో ఇక పొగ ఊదనని అత్తగారి మీద ఒట్టు వేశాడు. రేనో సీసాకి మూత బిగించి నీ గాజు గ్లాసుల వెనక దాచాను. వాసన చూడాలనిపిస్తే మూత తియ్యి, అంతే.

వేప్ ఖాళీగా షెల్ఫు మీదే ఉంది. కనక నీ ప్రశ్నకు జవాబు: వెలగటం లేదు. కానీ నిజం చెప్పమన్నావు గనక ఇదీ రాస్తున్నాను. నిన్న పొద్దున నేను దిగేసరికి వంటింట్లో ఆ పాకం వాసన వచ్చింది. నాన్న పైన గురకపెడుతున్నాడు. కర్టెన్లకు పట్టిన వాసన అయ్యుంటుంది, అలాగే పడుతుంది. కర్టెన్లు ఉతకాలనుకున్నాను. ఉతకలేదు.

పెందలాడే చీకటి పడుతోంది కదా, ఇప్పుడు నాన్న ప్రతి సాయంత్రం బస్సు వేళకి చిన్న సిలిండరు ఈడ్చుకుంటూ రోడ్డు మలుపు దాకా వెళ్తున్నాడు. లైటు ఎంతసేపు వస్తుందో చూడ్డానికట. బస్సు వెళ్ళిపోయాక తిరిగొస్తాడు, బాగానే వస్తోందంటాడు. ఆ లైటు కోసమే అంత దూరం వెళ్తున్నాడని నమ్మడానికి నేనేమైనా జిల్‌నా?

అమ్మా, నువ్వు వచ్చి మలుపు దగ్గర దిగితే నీకొక వెలుగు కనిపిస్తుంది. అందులో ఉన్నది రేనోదే, పట్టుకున్నది నాన్న. దగ్గరికెళ్ళి అప్పటిలాగే "నువ్వేనా?" అని అడుగు. ఈసారి అక్కడ గోడ లేదు. ఆయన పైకే జవాబు చెప్పాలి.

ఇట్లు,
మాట నిలుపుకోలేని నీ కూతురు,
మారిత