నాయన ఎడమ చెంప

పెనుకొండ,
14-9-1961

చిరంజీవి తమ్ముడు ఉలిగప్పకు అన్న పుల్లన్న దీవెనలు. ఈడ నేను, మీ వదిన, పిల్లోళ్లు బాగుండాము. అమ్మ సంగతి కింద రాస్తాను. ధర్మవరంలో నువ్వూ జయలక్ష్మమ్మా సుఖమే అనుకుంటాను.

నీ జాబులో అడిగినవాటికి జవాబు. చీర అంచుకని నువ్వు గీసి పంపిన హంసలు మీ వదినకు నచ్చినాయి. నాకు మెడలు పొడుగనిపించినాయి. నాయన బొమ్మకు ఎడమ చెంప ఉబ్బిందని పోయిన జాబులో నేను రాస్తే, ఎట్ల ఉబ్బింది, ఇల్లు కురుస్తాందా అని అడిగితివి. ఆ సంగతికి మెల్లగా వస్తాను.

నాయన ఇరవై ఏండ్లు అమీర్‌సాబ్ టీ అంగట్లో పత్రిక గట్టిగా చదివి, చదువు రానోళ్లకు వినిపించినాడు. ఆయన పోయినాక ఆ పాత పత్రికల కట్టలు పొట్లాలకిచ్చేద్దామన్నది నేను. "అన్నా, అవి నాకియ్యి" అంటివి. అమ్మ చేటలకు పూసేదానికి చేసినట్లే కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, సంవత్సరీకానికి నాయన ముఖం చేసి తెస్తివి. పెదవుల కాడ మాత్రం రుబ్బకుండా, అచ్చక్షరాలు కనపడేట్లు ముక్కలు అంటిస్తివి.

ఆ దినం నేను పందిట్లో రెండు గంటలు ఉపన్యాసం చెప్పినా. దేహం పాతబట్ట, విడిచినదాని కోసం ఏడవొద్దని గ్రంథం తెరిచి చూపిస్తి. హిందూపురంలో నేను లేచి నిలబడితే జనం కదలరు. ఈడ ఒక్కొక్కరే లేచి నీ బొమ్మ కాడికి పోయిరి. కడకు నా ముందర మిగిలింది చెవిటి రంగప్ప. పక్కింటి మస్తాన్‌బీ అమ్మతో, "ఏం గంగులక్కా, అన్న ఇప్పుడే పేపరు మడిచి లేస్తాడేమో" అనె. అమ్మ నవ్వింది. ఏడాదిలో అదే మొదటి నవ్వు. ఏడాదంతా నేను చెప్పిన వేదాంతానికి రాని నవ్వు నీ చిత్తుకాగితాలకు వచ్చింది. ఏ శాస్త్రం చదివినావు నువ్వు? ఎందుకు దాచేది, కడుపు మండింది.

నువ్వు ధర్మవరం పోయినాక మంట ఇంకా ఎక్కువాయె. అమ్మ పొద్దున్నే దాని ముందర కూర్చుని "ఈ పొద్దు ఏమి సమాచారం" అని అడుగుతుంది. నేను గ్రంథం చదువుతాంటే, "మెల్లగా చదవప్పా, మీ నాయన చెప్తాండాడు" అంటుంది.

ఉలిగప్పా, ఇల్లు కురవలేదు. అమ్మ బావికి పోయినప్పుడు నేనే చెంబు నీళ్లు ఆ ముఖం మీద పోసినా. అసూయ మనిషిని లోపల్నించి తింటుందని గుడిబండ నుంచి గాండ్లపెంట దాకా గొంతు చించుకున్నోణ్ణి, నేనే పోసినా. చెంప ఉబ్బింది. ఒక చెవి ఊడి చేతిలో ముద్దాయె.

వారం దినాలుగా అమ్మ గంజి తప్ప ముట్టలేదు. "ఆయన చదువుతాంటే సగంలో లేచి వంటకు పోయేదాన్ని. ఆ కోపం ఇప్పుడు చూపిస్తాండాడు" అంటాంది. "చెమ్మ తగిలిందిలేమ్మా" అంటే, "వాన యాడ పడిందప్పా" అనె.

నేనే బాగుచేద్దామని కూర్చుంటి. నాయన పత్రికలు ఒక్కటీ మిగల్లేదు. నా ఉపన్యాసాలు రాసుకున్న నోటుబుక్కులు చించి నానబెట్టి రుబ్బితి. దాంతో చేసిన చెవి కజ్జికాయ మాదిరి వచ్చింది. అయినా అంటిస్తి. అమ్మ తడిమి చూసి, "ఇది ఆయనది కాదు" అని అటు తిరిగి పండుకునె.

శనివారం రైలుకు తప్పకుండా రా. ఆమె ఎదుట నిజం చెప్పాల. వెయ్యి మందికి చెప్పినోణ్ణి, ఆమె ఒక్కదానికి చెప్పలేకుండాను. నువ్వు పక్కన నిలబడితే చెప్తాను. నన్ను ఏమన్నా అను, పడతాను. చెంప నీ చేతికొచ్చినట్లు సరిచేసుకో.

ఆ నోటుబుక్కుల చెవిని మాత్రం ముట్టుకోవద్దు. నాయన బతికుండగా నా ఉపన్యాసానికి ఒక్కనాడూ రాలేదు.

ఇట్లు,
నీకంటే ముందు పుట్టిన అన్న,
పుల్లన్న